స్పా రిసార్టు బుక్ చేసే ముందు పంచాంగం తిరగేయండి

హైదరాబాద్ చుట్టుపక్కల స్పా ఉన్న రిసార్టుల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. రెండు రోజులు పచ్చదనంలో ప్రశాంతంగా గడపాలని ఉంది. మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట, వికారాబాద్ వైపు రిసార్టులు చూశాం. ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. దేన్ని బట్టి ఎంచుకోవాలి?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావలసింది మసాజా, పల్లె గాలా? మసాజ్ ఒక్కటే అయితే దానికోసం 70 కిలోమీటర్లు పోనక్కర్లేదు, నగరంలోనే మంచి థెరపిస్టులు దొరుకుతారు. పల్లె గాలి ఒక్కటే అయితే స్పా లేని మామూలు ఫామ్‌స్టేలో సగం ఖర్చుతో పనైపోతుంది. రెండూ ఒకేచోట కావాలనుకుంటేనే మిగతాది చదవండి.

ఈ చుట్టుపక్కల చాలా రిసార్టుల్లో స్పా పక్కవాద్యం. పెళ్లిళ్లు, సంగీత్‌లు, కంపెనీల డే అవుట్‌లు అసలు కచేరీ. కాబట్టి తేదీ ఖాయం చేసుకుని రిసార్టు వెతకడం కన్నా, పంచాంగం చూసుకుని తేదీ ఖాయం చేసుకోవడం మేలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, మార్గశిరాల్లో మంచి ముహూర్తం ఉన్న రాత్రి లాన్‌లో డీజే ఉంటుందనే అనుకోండి. కార్తీకంలో ఆదివారాలు వనభోజనాలవి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, అధిక మాసం, మూఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు. వీటిలో ఆషాఢానికే మా ఓటు. మామూలుగా జూన్ చివర, జూలైలో వస్తుంది. దాని ముందు అధిక మాసం పడిన ఏడాది ఆగస్టు దాకా సాగుతుంది. అనంతగిరి కొండలు పచ్చబడేదీ అప్పుడే, గది ధర తగ్గించమని నోరు తెరిచి అడగగలిగేదీ అప్పుడే. కొత్త దంపతులకు ఈ సలహా పనికిరాదని వేరే చెప్పాలా!

ముహూర్తాలు లేకపోయినా శుక్ర, శనివారాల్లో కంపెనీల బృందాలు దిగుతాయి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి మంగళవారం ఉదయం తిరిగొస్తే ఆ బెడద తప్పుతుంది. ఒక్క రాత్రికి మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం 2కు చెకిన్, మర్నాడు 11కు చెకౌట్ అంటే చేతికొచ్చేది 21 గంటలు. నిద్ర, భోజనాలు, సామాను సర్దుకోవడం పోగా మిగిలేది ఒక పూట.

బుకింగ్‌కు ముందు ఫోన్ చేసి, 'ఈ రెండు రోజులూ మీ దగ్గర ఫంక్షన్ ఉందా? గ్రూపు బుకింగ్ ఎన్ని గదులు?' అని అడగండి. జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి. నోటితో 'ఏం లేదు సార్' అనేవాళ్లు కూడా రాసేటప్పుడు ఒకసారి రిజిస్టరు చూసుకుంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. మోగితే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయొచ్చు. కానీ విశ్రాంతికని వెళ్లి పోలీసులకు ఫోన్ చేసే దాకా వచ్చిందంటే ఆ రాత్రి పోయినట్టే.

తర్వాత గూగుల్ మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ తెరిచి, రిసార్టు చుట్టూ రెండు కిలోమీటర్లు మెల్లగా జరుపుతూ చూడండి. పొడవాటి రేకుల షెడ్లు వరసగా, సమానమైన ఎడంతో కనిపిస్తే అవి చాలావరకు కోళ్ల ఫారాలే. వానకు ఎరువు తడిస్తే వాసన, ఈగలు రెండూ పెరుగుతాయి. వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి రిసార్టుకు పడమర వైపున్న షెడ్లతోనే ఎక్కువ చిక్కు. తెల్లగా, బూడిద రంగులో మెట్లు మెట్లుగా గుంతలుంటే అది క్వారీ. పక్కన క్రషర్ ఉండొచ్చు, టిప్పర్లు తప్పకుండా తిరుగుతాయి. విమానాల సంగతీ చూసుకోండి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి గనుక విమానాశ్రయానికి సూటిగా ఆ రెండు దిక్కుల్లో ఉన్న ఊళ్ల మీదుగా విమానాలు కిందుగా పోతాయి. శామీర్‌పేట దారిలో హకీంపేట వైమానిక స్థావరం ఉంది, పనిదినాల్లో శిక్షణ విమానాల మోత వినిపించొచ్చు.

చివరగా గది. జనరేటర్, వంటగది పొగగొట్టం, ఫంక్షన్ లాన్, ఈతకొలను ఎటున్నాయో అడిగి, వాటికి దూరంగా ఉన్న వరసలో కాటేజీ ఇమ్మనండి. 'పూల్ వ్యూ' గదికి అదనంగా డబ్బు కట్టడమంటే పిల్లల కేరింతలను కొనుక్కోవడం.

ప్రశ్న: 'స్పా ఉచితం' అన్న ప్యాకేజీ తీసుకున్నాం. తీరా వెళ్తే తలకు, భుజాలకు 20 నిమిషాలు నొక్కి అయిపోయిందన్నారు. గంట కావాలంటే అప్పటికి ఖాళీ లేదన్నారు. బిల్లులో ఏవేవో పన్నులు కూడా ఉన్నాయి. ముందే ఎలా జాగ్రత్తపడాలి?
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: 'స్పా ఉచితం' అన్న మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం. ఇద్దరికీ పూర్తి మసాజ్ కావచ్చు, ఒక్కరికే కావచ్చు, తలకూ పాదాలకూ మాత్రమే కావచ్చు, లేదా స్పా బిల్లులో ఇంత తగ్గింపు అని కావచ్చు. అందుకే నాలుగు మాటలు రాయించుకోండి: ఏ మసాజ్, ఎంతమందికి, చేతి పని ఎన్ని నిమిషాలు, ఏ రోజు ఏ టైమ్. 'చేతి పని' అనడానికి కారణముంది. కొన్నిచోట్ల బట్టలు మార్చుకోవడం, ఆవిరి, స్నానం అన్నీ ఆ గంటలోనే కలిపేస్తారు. అప్పుడు అసలు మసాజ్ 40 నిమిషాలకు మించదు.

ఖాళీ లేదనడం అబద్ధం కాకపోవచ్చు. మనిషి ఒళ్లు వంచి చేసే పని కనుక ఒక థెరపిస్టు రోజుకు గంటసేపటి మసాజ్‌లు నాలుగైదుకు మించి బాగా చేయలేరు. నలుగురు థెరపిస్టులుంటే రోజుకు 16 నుంచి 20 మందికి. రిసార్టులో 60 గదులు నిండితే 120 మంది. ఆ లెక్క మీరే వేసుకుని, గది బుక్ చేసిన రోజే స్పా టైమ్ కూడా పెట్టించుకోండి. 'థెరపిస్టులు ఎంతమంది, రోజూ ఇక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే సిటీ నుంచి వస్తారా?' అన్న ఒక్క ప్రశ్నతో ఆ స్పా స్థాయి సగం తెలిసిపోతుంది. సాయంత్రం ఆఖరి టైమ్ తీసుకోకండి, అప్పటికి వాళ్ల చేతులు అలిసిపోయి ఉంటాయి.

పన్నుల విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం. ఈ గీత దగ్గర కాస్త తెలివిగా ఉండాలి. 7,400 గదికి పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గదికి 8,968 అవుతుంది. గది ధరలో తేడా 200, చెల్లించేదాంట్లో తేడా 1,198. ఆ కొంచెం తగ్గించమని అడగడం ఇద్దరికీ లాభమే. సౌందర్య, శారీరక ఆరోగ్య సేవల మీద కూడా అదే రోజు నుంచి పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. స్పా బిల్లులో ఇంకా 18 వేస్తే కారణం అడగండి. సర్వీస్ ఛార్జీ మాత్రం పన్ను కాదు. దాన్ని హోటళ్లు, రెస్టారెంట్లు వాటంతటవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్రశ్న: అభ్యంగం, స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, శిరోధార... స్పా మెనూ చూస్తే తల తిరుగుతోంది. మొదటిసారి వెళ్తున్నాను. ఏది తీసుకోవాలి?
– సైనిక్‌పురి పాఠకురాలు

జవాబు: మొదటిసారికి అభ్యంగం గానీ, స్వీడిష్ గానీ.

అభ్యంగంలో నూనె పాలు ఎక్కువ. మనిషికి 100 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా పడుతుంది, ఎక్కువగా నువ్వుల నూనెలో మూలికలు కాచిన తైలం. దాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి. పొయ్యి మీద నేరుగా కాచకూడదు. కేరళ పద్ధతిలో ఇద్దరు చెరోవైపు నిలబడి ఒకే లయలో చేస్తారు. 45 నిమిషాల నుంచి గంట. ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాలు ఆవిరి, వేన్నీళ్ల స్నానం. స్వీడిష్‌లో నూనె తక్కువ, చేసేది ఒక్కరే. కండరాలను పిసకడం, పొడవుగా నిమరడం ఉంటాయి. మధ్యలో 'కొంచెం గట్టిగా', 'కొంచెం మెల్లగా' అని చెప్పడానికి మొహమాటపడకండి. చెప్పకపోతే వాళ్లకు తెలియదు.

డీప్ టిష్యూ విశ్రాంతికి కాదు. బిగుసుకున్న కండరాన్ని మోచేతితో, బొటనవేలితో లోతుగా నొక్కుతారు, మర్నాడు ఒళ్లు నొప్పులుంటాయి. రెండు రోజుల సెలవులో ఒక రోజు మూలుగుతూ గడుస్తుంది. థాయ్‌లో నూనె ఉండదు. వదులు బట్టలతో చాప మీద పడుకోబెట్టి కాళ్లు చేతులు సాగదీస్తారు. నడుములో డిస్కు సమస్య ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

శిరోధార గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులోనే ఎక్కువ పొదుపులు చేస్తారు. నుదుటికి నాలుగు వేళ్ల వెడల్పంత ఎత్తున పాత్ర వేలాడదీసి, సన్నని ధారను ఒక కణత నుంచి మరో కణత దాకా అటూ ఇటూ కదుపుతూ 30 నుంచి 45 నిమిషాలు పోస్తారు. దీనికి ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నూనె కావాలి. కారిన నూనెను పట్టి, వెచ్చబరిచి, అదే మనిషికి మళ్లీ పోయడం పద్ధతే. అదే నూనె తర్వాతి మనిషికి పోయడం మాత్రం తప్పు. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. 'నా ముందే కొత్త సీసా తెరుస్తారా?' అని అడగండి. ధార మధ్యలో తెగినా, చల్లబడినా, కళ్లలోకి జారినా మొత్తం పాడైనట్టే. కళ్ల మీద దూది, కనుబొమల పైన గుడ్డ కట్టాలి.

ఇది అయ్యాక మత్తుగా ఉంటుంది, కారు నడపకూడదు. అందుకని చెకౌట్ రోజు ఉదయం కాకుండా మొదటి రోజు సాయంత్రం పెట్టుకోండి. తల నూనె వదలాలంటే నీళ్లు పోయకముందే పొడి పెసరపిండో, సున్నిపిండో జుట్టుకు పట్టించి ఐదు నిమిషాలుంచి దులపండి, ఆ తర్వాతే షాంపూ. నీళ్లు ముందు పోస్తే నూనె జిగురుగా అంటుకుపోతుంది. కొత్త బట్టలు తీసుకెళ్లకండి.

ఏ నూనె అయినా సరే, ముందు మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి కొంతసేపు చూడండి. నువ్వులు పడనివాళ్లు ముందే చెప్పి కొబ్బరి నూనె అడగాలి. భోజనానికీ మసాజ్‌కీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. రిసార్టు బఫేలో బిర్యానీ తిని నేరుగా బల్ల మీద బోర్లా పడుకుంటే అవస్థ మీదే.

ప్రశ్న: నాన్నగారికి 68, అమ్మకు 63. ఇద్దరికీ బీపీ, అమ్మకు షుగరు కూడా, ఇన్సులిన్ తీసుకుంటుంది. నాన్నగారు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. వాళ్లను స్పాకు తీసుకెళ్లొచ్చా?
– మెహదీపట్నం పాఠకుడు

జవాబు: రిసార్టుకు నిరభ్యంతరంగా. స్పాకు మాత్రం వాళ్ల డాక్టరును అడిగాకే. అడిగేటప్పుడు 'మసాజ్ చేయించొచ్చా' అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆవిరి, సానా (పొడి వేడి గది), వేడి రాళ్లతో మసాజ్ అని విడివిడిగా అడగండి.

నాన్నగారి విషయంలో భయం గట్టి ఒత్తిడితో. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు డీప్ టిష్యూ చేస్తే చర్మం కింద రక్తం కారి కమిలిపోవచ్చు. చేయిస్తే తేలికైనది, అదీ థెరపిస్టుకు మందు సంగతి చెప్పాకే. వేడికి రక్తనాళాలు విప్పారి బీపీ పడిపోతుంది. బీపీ మాత్ర పని కూడా అదే కాబట్టి, ఆవిరి గదిలోంచి చటుక్కున లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. ఆవిరి గదిలో వేడి 40 నుంచి 45 డిగ్రీలే అయినా గాలి నిండా తేమ ఉంటుంది గనుక చెమట ఆరదు. సానాలో 70 నుంచి 90 డిగ్రీల పొడి వేడి. పెద్దవాళ్లకు రెండూ వద్దనే మా సలహా.

అమ్మగారికి రెండు జాగ్రత్తలు. ఇన్సులిన్ పొడిచిన చోట వేడి తగిలినా, మర్దన చేసినా అది రక్తంలోకి త్వరగా చేరి షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. ఆ పూట ఇంజెక్షన్ చేసిన చోటును వదిలేయమనాలి, చేతి సంచిలో గ్లూకోజ్ ఉంచుకోవాలి. రెండోది, చాలా ఏళ్లుగా షుగరున్న వాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడి రాయి కాలినా తెలియదు. వేడి రాళ్లు, వేడినీళ్ల పాదస్నానం రెండూ మానేయాలి.

ఇద్దరిలో ఎవరికైనా ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మసాజ్ జోలికే పోనివ్వకండి. లోపల రక్తపు గడ్డ ఉండొచ్చు, మర్దనకు అది కదిలితే ప్రాణాపాయం. నేరుగా ఆస్పత్రికే.

గది నేల అంతస్తులో తీసుకోండి. అభ్యంగం చేసే చెక్క ద్రోణి ఎత్తుగా, నూనెకు జారుడుగా ఉంటుంది. ఎక్కడానికి స్టూలు, దిగేటప్పుడు పట్టుకోవడానికి మనిషి ఉండాలి. చాలా ప్రమాదాలు బల్ల మీద జరగవు, నూనె కాళ్లతో బాత్‌రూమ్‌కు నడిచేటప్పుడు జరుగుతాయి.

ప్రశ్న: 'మూడు రోజుల పంచకర్మ వారాంతపు ప్యాకేజీ' అన్న ప్రకటన చూశాను. మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందా?
– మియాపూర్ పాఠకుడు

జవాబు: మూడు రోజుల్లో పంచకర్మ కాదు. వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం), రక్తమోక్షణం (రక్తం తీయడం) ఆ ఐదు కర్మలు. వాటిలో వమన విరేచనాలకు ముందు ఔషధ నెయ్యి తాగించే స్నేహపానమే మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ తర్వాత పథ్యం వేరే. ప్రకటనలో ఉన్నది బహుశా అభ్యంగం, ఆవిరి. అవి హాయిగానే ఉంటాయి, పేరే పెద్దది. నొప్పి నిజంగా బాధిస్తుంటే ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రిలో వైద్యులకు చూపించుకోండి. ప్రైవేటుగా వెళ్తే ఆ కేంద్రానికి ఆస్పత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉందా, రోజూ వైద్యుడుంటాడా అని చూడండి.

ప్రశ్న: మాది ఉప్పల్. అందరూ వికారాబాద్ అంటున్నారు. అంత దూరం వెళ్లడం అవసరమా?
– ఉప్పల్ పాఠకురాలు

జవాబు: నగరం దాటడానికే గంటన్నర పోతే విశ్రాంతి ఎక్కడిది? మీకు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట, మేడ్చల్ వైపు పోవడం, లేదా వరంగల్ రహదారి మీద బీబీనగర్, భువనగిరి వైపు చూడటం సులువు. పడమటి హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ దగ్గర. నగరం నుంచి సుమారు 75 కిలోమీటర్లు.

అయినా అనంతగిరి అడవే కావాలంటే ఒక ఉపాయముంది. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే దారి మర్రిచెట్ల నీడలో అందంగా ఉంటుంది గానీ, విస్తరణ పూర్తికాని చోట ఇరుకు, ఎదురుగా లారీలు. చీకటి పడ్డాక ఆ దారిలో బయల్దేరకండి. రైలైతే లింగంపల్లి నుంచి వికారాబాద్ జంక్షన్‌కు సుమారు గంట. అక్కణ్నుంచి కొండకు ఆటోలుంటాయి. మెట్రోలో మియాపూర్ దాకా వచ్చి లింగంపల్లి స్టేషన్‌కు వెళ్లొచ్చు. రిసార్టు వాళ్లు స్టేషన్‌కు బండి పంపుతారేమో ముందే అడగండి. అడవి దారిలో సిగ్నల్ అందని చోట్లుంటాయి కాబట్టి మ్యాప్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ప్రశ్న: స్పాలో ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఏం చూసుకోవాలి? టిప్పు ఎంత ఇవ్వాలి?
– అమీర్‌పేట పాఠకురాలు

జవాబు: బుకింగ్‌లోనే 'మహిళా థెరపిస్టు కావాలి' అని రాయించండి. అక్కడికెళ్లాక లేరంటే డబ్బు వాపసు తీసుకుని వచ్చేయండి, సర్దుకోవద్దు. వాడి పారేసే లోదుస్తులు కొత్త ప్యాకెట్‌లో ఇవ్వాలి, చేసే భాగం తప్ప మిగతా ఒళ్లు దుప్పటితో కప్పే ఉంచాలి. గదిలో కెమెరా ఉండకూడదు. థెరపిస్టు ఫోన్ కూడా బయటే ఉంచమనండి. ఎప్పుడైనా 'ఆపండి' అంటే ఆపాలి, కారణం చెప్పనక్కర్లేదు. టిప్పుకు లెక్కేమీ లేదు, తప్పనిసరీ కాదు. ఇవ్వదలిస్తే రిసెప్షన్‌లో కాకుండా ఆ మనిషి చేతికే ఇవ్వండి.

ప్రశ్న: పిల్లలతో వెళ్తున్నాం. ఈతకొలను, జకూజీ శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి ఎలా చెప్పాలి? క్లోరిన్ వాసన గట్టిగా వస్తే మంచిదేనా?
– నిజాంపేట పాఠకుడు

జవాబు: కాదు. అంతా అనుకునేదానికి ఇది తలకిందులు. ముక్కుకు ఘాటుగా తగిలేది క్లోరమైన్ల వాసన. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టేవి అవి. కళ్లు మండేదీ వాటివల్లే. ఘాటుగా ఉందంటే మురికి ఎక్కువై, పనిచేసే క్లోరిన్ తగ్గిందని అనుమానించాలి.

ముందు కొలను లోతు వైపు నిలబడి అడుగున ఉన్న జాలీ చూడండి. అది స్పష్టంగా కనిపించకపోతే దిగకండి. గోడను చేత్తో రుద్దితే జారుడుగా ఉంటే పాచి పడుతోందన్నమాట. తర్వాత రీడింగుల రిజిస్టరు అడగండి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ పెరిగితే క్లోరిన్ ఉన్నా సరిగ్గా పనిచేయదు. రిజిస్టరే లేదంటే అదే మీకు జవాబు.

జకూజీకి ఇంకా గట్టిగా ఉండాలి. వెచ్చటి నీళ్లలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది కాబట్టి కనీసం 3 పీపీఎం. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు, 15 నిమిషాలకు మించి కూర్చోకూడదు. సరిగ్గా శుభ్రం చేయని జకూజీ నీటి తుంపరల నుంచి లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఐదేళ్లలోపు పిల్లలను అందులో దించనే కూడదు, గర్భిణులూ దూరంగా ఉండాలి. మసాజ్ నూనెతో నేరుగా కొలనులో దిగడం ఇంకో అలవాటు. ఫిల్టర్లు మూసుకుపోయి నీళ్లు మబ్బుగా మారేది దానివల్లే. కాబట్టి కొలనుకు ఉదయం, మసాజ్‌కు సాయంత్రం అని పెట్టుకోండి.